పాత 150-600 లెన్స్ కొంటున్నారా? ముందు టార్చి వేసి చూడండి

అమ్రాబాద్ అడవిలో ఫొటోల కోసం పాత జూమ్ లెన్స్ వెతుకుతున్న మహబూబ్‌నగర్, నల్గొండ మిత్రులారా, డబ్బు ఇచ్చే ముందే లెన్స్‌ను దుకాణం బయటికి తెచ్చి చూడండి. నేను చూడలేదు. 52,000 రూపాయలు పోయాయి. ఏడాదిగా ఎదురుచూసిన ఉదయం కూడా పోయింది, నాకు ఆ బాధే ఎక్కువ.

వానాకాలంలో జులై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ సఫారీ ఉండదు. అక్టోబరులో మొదలుకాగానే వెళ్లాలని మన్ననూరు ప్రయాణం ఖాయం చేసుకుని, రెండు రోజుల ముందు హడావిడిగా 150-600 మి.మీ. లెన్స్ కొన్నాను. దుకాణంలో ట్యూబులైటు కింద గోడమీది క్యాలెండరును తీసి చూస్తే అంకెలు బాగానే వచ్చాయి. "ఒక్కరే వాడిన లెన్స్ అన్నా, చిన్న గీత కూడా లేదు" అన్నాడు అమ్మినతను. పైన నిజంగానే గీత లేదు.

ఫర్హాబాద్ దారిలో చుక్కల దుప్పుల గుంపు కనిపించింది. వాటి వెనుక నుంచి లేత ఎండ, చెవుల అంచులు మెరుస్తున్నాయి. తీసిన ప్రతి ఫొటో మీదా పల్చని పాలు పోసినట్టు తెల్లటి పొర! 600 దగ్గర ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంది. అది కుదురుకునేలోగా గుంపు చెట్లలోకి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి రెండు మూతలూ తీసి, వెనుక నుంచి ఫోను టార్చి వేసి ముందు నుంచి చూశాను. లోపలి అద్దాల మీద సాలెపోగుల్లా ఫంగస్, దాని చుట్టూ మసక. ఎదురెండ పడగానే వెలుగును చెదరగొట్టింది అదే. గదిలో, వెలుగు మన వెనుక ఉన్నప్పుడు అది బయటపడదు. ముదిరిన ఫంగస్ అద్దం పూతను తినేస్తుంది, శుభ్రం చేయించినా మచ్చ మిగులుతుంది. అందుకే ఈ పరీక్ష ఎవరు మొహమాటపెట్టినా మానకండి.

తర్వాత మీ సొంత కెమెరాకే తగిలించి, జూమ్ 600కు, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న దుకాణం బోర్డును తీయండి. నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే లోపలి అద్దం పక్కకు జరిగిందేమోనని అనుమానించాలి. నికాన్ డీ3000, డీ5000 వరుస కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు కాబట్టి, మోటారు లేని పాత లెన్స్‌లు వాటిలో ఆటోఫోకస్ చేయవు. ప్రయాణం దగ్గర పడితే అసలు కొనకండి. స్నేహితుడి 70-300 అడిగి తీసుకెళ్లినా, క్రాప్ సెన్సార్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్) కెమెరా మీద దాదాపు 450 మి.మీ. లెన్స్ అంత దగ్గరి చూపు వస్తుంది. దుప్పులకు అది చాలు.

లెన్స్ వెనక్కి ఇవ్వబోతే, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూపించారు. బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లో వాపసు తీసుకోవడానికి నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే. నాకిచ్చిన బిల్లులో సీరియల్ నంబరు లేదు. మీరు తప్పక రాయించుకోండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అది తేలేవరకు లెన్స్‌ను శుభ్రం చేయించను, ఎవరినీ విప్పనివ్వను. నా దగ్గరున్న సాక్ష్యం ఆ ఫంగసే.