శ్రీశైలం ఘాట్‌లో ఉడికిన బండి, మార్కాపురంలో దొరికిన మంచి మెకానిక్

మే నెలలో హైదరాబాద్ నుంచి శ్రీశైలం, అక్కడి నుంచి దోర్నాల, మార్కాపురం మీదుగా ఒంగోలు వెళ్ళాం. దారి గురించీ బస గురించీ చెప్పాల్సింది ఉంది గానీ, ముందు కూలెంట్, అంటే ఇంజిన్ వేడెక్కకుండా చూసే ద్రవం సంగతి చెప్పాలి. బయల్దేరే వారం ముందు హైదరాబాద్‌లో పేరున్న ఒక సర్వీస్ సెంటర్ మా దగ్గర ₹1,930 తీసుకుని, ఇంజిన్‌లో కూలెంట్ అని చెప్పి రంగు నీళ్ళు పోసింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

బిల్లు మీద స్పష్టంగా ఉంది: కూలెంట్ మార్పిడి ₹1,480, లేబర్ ₹450. బండి ఇచ్చేటప్పుడే అక్కడి అడ్వైజర్‌కి చెప్పాను. నడి వేసవి, ఘాట్ రోడ్డు, ఐదుగురం ఎక్కుతున్నాం, ఏసీ ఆగదు, కాబట్టి సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ ఉండాలి అని. "ఫిఫ్టీ ఫిఫ్టీయే సార్, మీరు టెన్షన్ పెట్టుకోకండి" అన్నాడు. బానెట్ ఎత్తి చూపించాడు కూడా. ట్యాంకులో మ్యాక్స్ గీత దాకా ఎర్రగా నిండుగా ఉంది.

కడ్తాల్, ఆమనగల్, డిండి దాటేదాకా హాయిగా సాగింది. మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోకి వెళ్ళాక కూడా ఏ ఇబ్బందీ లేదు. దోమలపెంట దగ్గర డ్యామ్ చూసి, కిందికి దిగి కృష్ణ మీద వంతెన దాటి, సున్నిపెంట వైపు ఎక్కడం మొదలుపెట్టామో లేదో మా ఆవిడ అంది: "ఏమండీ, ఆ ముల్లేంటి పైకి పోతోంది?" రోజూ సగానికి కాస్త కిందే నిలబడే ఇంజిన్ వేడి ముల్లు ముప్పాతిక దాటింది. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. ముందు లారీ, వెనక బస్సు. రెండో గేరులో పాకుతున్నాం.

ఇలాంటప్పుడు చేయాల్సిన మొదటి పని ఏసీ ఆపేయడం, రెండోది హీటర్‌ని పూర్తి వేడి మీద పెట్టి బ్లోయర్ గట్టిగా తిప్పడం. హీటర్ లోపల ఉండేది చిన్న రేడియేటరే. ఇంజిన్ వేడిలో కొంత దాని గుండా బయటికి పోతుంది. మే నెలలో కారులో హీటర్ వేస్తే వెనక సీట్లో అత్తయ్య ఏమంటారో వేరే చెప్పాలా. "నాయనా, ఎండలో చావలేదని లోపల పొయ్యి పెట్టావా?" అన్నారు. అద్దాలన్నీ దించాం. ముల్లు కొద్దిగా దిగింది. మలుపు దాటాక నీడ దొరికితే పక్కకు ఆపాను. ఆవిరి కనబడలేదు, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోంది, అందుకని ఇంజిన్‌ని వెంటనే ఆపకుండా కాసేపు ఐడిల్‌లో ఉంచాను. ఆవిరి వస్తుంటే మాత్రం వెంటనే ఆపేయాలి. రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. గంటసేపు చల్లారనిచ్చి, మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. ఉడుకుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్ళు పోస్తే సిలిండర్ హెడ్ బీటలు వారే ప్రమాదం ఉంది. ఎంత తొందరున్నా ఆ పని చేయకండి.

మామయ్య మొదటి నుంచీ ఒకటే మాట. "మా అంబాసిడర్‌కి జీవితాంతం చెరువు నీళ్ళే పోశాం, దానికేం కాలేదే!" నిజమే. దాని ఇంజిన్ పోత ఇనుము, రేడియేటర్ రాగి, ఇత్తడి. ఇప్పటి బండ్లలో రేడియేటర్ అల్యూమినియం, హెడ్ అల్యూమినియం. వాటి సందులు సన్నం. బోరు నీళ్ళు పోస్తే గీజర్ కాయిల్‌కి పట్టినట్టే లోపల తెల్లగా సున్నం గట్టిపడుతుంది, వేడి బయటికి పోదు. తుప్పు పట్టకుండా కాపాడే మందులుండేది కూలెంట్‌లోనే, నీళ్ళలో కాదు.

శ్రీశైలంలో దర్శనం బాగా జరిగింది. మల్లన్ననీ భ్రమరాంబ అమ్మవారినీ తోపులాట లేకుండా చూశాం. బస మాత్రం నరకం. ఏసీ గది అని ₹2,200 తీసుకున్న ప్రైవేటు లాడ్జిలో ఏసీ ఫ్యాన్‌లాగే పనిచేసింది. అడిగితే "వోల్టేజీ రావట్లేదండీ" అన్నారు, ఒక్క రూపాయి తగ్గించలేదు. వేసవిలో వెళ్ళేవాళ్ళు దేవస్థానం కాటేజీలు గానీ టూరిజం వాళ్ళ హరిత గానీ ముందే బుక్ చేసుకోండి. అక్కడికి వెళ్ళి వెతుక్కుందాం అనుకుంటే మాకు పట్టిన గతే పడుతుంది.

మర్నాడు పొద్దున్నే, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూశాను. అర లీటరు పైగా తగ్గింది. దగ్గరున్న డిస్టిల్డ్ వాటర్ పోసి, ఏసీ లేకుండా నెమ్మదిగా దోర్నాల దారి పట్టాం. 50 కిలోమీటర్లకు అటూఇటూ అంతా టైగర్ రిజర్వ్ అడవి, మెకానిక్ షెడ్డు అన్నమాటే లేదు. అత్తయ్య ఆ దారి పొడుగునా శివనామం ఆపలేదు. దోర్నాలలో ఒక చిన్న మెస్‌లో జొన్న రొట్టె, గోంగూర పచ్చడి, పప్పు, ఉల్లిపాయ పెట్టారు. మనిషికి ₹90. ఈ ప్రయాణం మొత్తంలో అంత కమ్మటి తిండి ఇంకెక్కడా దొరకలేదు. మామయ్య మొహంలో మొదటిసారి నవ్వు కనబడింది అక్కడే.

మార్కాపురంలో మెస్ ఆయన చెప్పిన గుర్తుల ప్రకారం వెళ్తే రేకుల షెడ్డు, లోపల అరవై దాటిన భాయ్. పెద్దవాళ్ళని చూడగానే షెడ్డులో నులకమంచం వాల్చి, ఫ్యాన్ అటు తిప్పి, ఆ తర్వాతే బండి దగ్గరికి వచ్చాడు. మూత తీశాడు, వేలు ముంచాడు, బొటనవేలితో రుద్ది నా చెయ్యి చాపమన్నాడు. "చూడండి సార్, కూలెంట్ అయితే వేళ్ళ మధ్య జిడ్డుగా జారతది. ఇది నీళ్ళు. రంగు కలిపారు."

నమ్మబుద్ధి కాలేదు. ఆయన రబ్బరు బుడ్డి ఉన్న చిన్న టెస్టర్ తెచ్చాడు. లోపల రంగు రంగుల చిన్న బంతులుంటాయి. ద్రవాన్ని పీలిస్తే, కూలెంట్‌లో అసలు సరుకైన గ్లైకాల్ ఎంత ఎక్కువుంటే అన్ని బంతులు తేలతాయి. ఒక్కటి కూడా తేలలేదు. నేను పోసిన అర లీటరు నీళ్ళకు కూలెంట్ పలచబడిందేమో అన్నాను. "ఐదు లీటర్లలో అర లీటరుకి మొత్తం మాయమవదు సార్" అన్నాడు. కింద ప్లగ్గు విప్పితే బకెట్‌లోకి మొదట ఎర్రగా, తర్వాత తుప్పు రంగులో దిగింది. మా అబ్బాయి ఫోనులో వీడియో తీశాడు. అదే తర్వాత పనికొచ్చింది.

భాయ్ పని చేసిన తీరు ఎంత చెప్పినా తక్కువే. డిస్టిల్డ్ వాటర్ పోసి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, చల్లార్చి, మళ్ళీ దింపాడు. నేను ముందే నీళ్ళు కలిపి అమ్మే రెడీమిక్స్ కూలెంట్ పోయమన్నాను. వద్దన్నాడు. ఎంత దింపినా ఇంజిన్ బ్లాకులో కొన్ని నీళ్ళు మిగిలే ఉంటాయట, వాటి మీద రెడీమిక్స్ పోస్తే సగం పాళ్ళు కాస్తా పలచబడతాయి. అందుకని మా బండి మాన్యువల్ చూసి, మొత్తం 5 లీటర్లు పడుతుంది కాబట్టి కాన్సంట్రేట్, అంటే నీళ్ళు కలపని చిక్కటి కూలెంట్, రెండున్నర లీటర్లు ముందుగా పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాడు. మూత లేకుండా ఇంజిన్ నడిపి, హీటర్ వేసి, పై హోసు వేడెక్కి గాలి బుడగలు ఆగేదాకా కూర్చున్నాడు. మళ్ళీ టెస్టర్ పెడితే ఈసారి బంతులు తేలాయి.

పాత మూత రబ్బరు గట్టిపడిపోయిందని చూపించి కొత్తది వేశాడు. చాలామంది పట్టించుకోని భాగం ఇదే. మామూలు గాలి ఒత్తిడిలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, సగం సగం మిశ్రమం 107 దగ్గర. మూత ఒత్తిడి పట్టి ఉంచితే ఆ మిశ్రమం 130 దాకా మరగకుండా ఆగుతుంది. మూత వదులైతే ఎంత మంచి కూలెంట్ పోసినా ఆ లాభం పోయినట్టే.

బిల్లు: కాన్సంట్రేట్ మూడు లీటర్లు ₹1,020, డిస్టిల్డ్ వాటర్ రెండు క్యాన్లు ₹240, మూత ₹280, కూలి ₹400. మొత్తం ₹1,940. సర్వీస్ సెంటర్ మోసానికీ ఈయన పనికీ పది రూపాయల తేడా. మిగిలిన అర లీటరు కాన్సంట్రేట్‌కి అంతే డిస్టిల్డ్ వాటర్ కలిపి, సీసా మీద పేరు రాసి డిక్కీలో పెట్టాడు. పిల్లలకి అందకుండా ఉంచమన్నాడు. ఆ మాట వినాల్సిందే. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. దింపిన పాత కూలెంట్‌ని కుక్కలు నాకే చోట వదలకూడదు.

మనకి మంచు లేదు కదా, కూలెంట్ 30 శాతం చాలు, నీళ్ళే వేడిని బాగా మోస్తాయి అనేవాళ్ళున్నారు. నీళ్ళు వేడిని ఎక్కువ మోస్తాయన్నది నిజం. అందుకే కూలెంట్ 60 శాతం దాటించకూడదు, నీళ్ళు కలపకుండా కాన్సంట్రేట్ నింపడం అంతకన్నా తప్పు. కానీ మూడో వంతు కన్నా తగ్గితే తుప్పు మందు చాలదు, మరుగు హద్దూ తగ్గిపోతుంది. మాన్యువల్‌లో వేరే పాళ్ళు రాసి ఉంటే తప్ప, ఎండల్లో ఘాట్ ఎక్కే బండికి సగం సగమే నా ఓటు. రంగు చూసి మాత్రం కొనకండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అన్నది కంపెనీ ఇష్టం, అన్నిటికీ ఒకే నియమం లేదు. డబ్బా మీద రకం చదివి మాన్యువల్‌తో పోల్చుకోండి. పాతకాలపు రకం రెండేళ్ళకు మార్చాలి, తుప్పు మందుగా ఆర్గానిక్ ఆమ్లాలు వాడే కొత్త ఓఏటీ రకం సాధారణంగా ఐదేళ్ళు వస్తుంది. రెండూ కలిపితే రెండూ చెడతాయి.

మార్కాపురం నుంచి పొదిలి మీదుగా ఒంగోలు దాకా మండే ఎండలో ఏసీ ఆపకుండా వెళ్ళాం, ముల్లు కదలలేదు. తిరిగొచ్చాక సర్వీస్ సెంటర్‌కి బిల్లూ వీడియో చూపించాను. మొదట తర్వాతి సర్వీసులో తగ్గిస్తామన్నారు. ఒప్పుకోలేదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తానని రాసిచ్చాక ₹1,930 వెనక్కి వేశారు.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళు టైర్లు, పెట్రోలు, కూలెంట్ అడవిలోకి వెళ్ళకముందే చూసుకోండి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అటు మన్ననూరులోనూ, ఇటు దోర్నాల దారిలోనూ గేట్లు మూసేస్తారు. సాయంత్రం బండి ఆగితే దిక్కు దొరకదు. డిక్కీలో ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్, కలిపిన కూలెంట్ ఒక లీటరు, మందపాటి గుడ్డ పెట్టుకోండి. సర్వీస్ సెంటర్‌లో కూలెంట్ మార్పిస్తే డబ్బా సీలు మీ ఎదురుగా తీయించి, ఖాళీ డబ్బాలు ఇంటికి తెచ్చుకోండి.