డేటన్ మ్యూజియంలో ఎక్స్-15ఏ-2

ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో ఉన్న అమెరికా వైమానిక దళ జాతీయ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. రుసుము పెట్టినా సంతోషంగా చెల్లించదగినంత విలువ ఎక్స్-15ఏ-2 ఒక్కదానికే ఉందని నా అభిప్రాయం. 1967 అక్టోబరు 3న బీ-52 బాంబర్ విమానం రెక్క కింద నుంచి విడివడిన ఈ రాకెట్ విమానాన్ని పీట్ నైట్ గంటకు సుమారు 7,270 కిలోమీటర్ల వేగంతో, అంటే ధ్వని వేగానికి 6.7 రెట్లతో నడిపారు. అతివేగంలో గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి ఏర్పడే షాక్ తరంగాలు కలిసిన చోట పుట్టిన తీవ్రమైన వేడికి తోక కింది రెక్కకు రంధ్రాలు పడ్డాయి. దానికి అమర్చిన నమూనా ఇంజిన్ ఊడిపోయింది. హైపర్‌సోనిక్ (ధ్వనికి ఐదు రెట్లకు మించిన వేగంతో వెళ్లే) విమానాల రూపకల్పనకు అమూల్యమైన పాఠం అలా దక్కింది. వెనుక అంచు మొండిగా, మందంగా ఉండే తోకను తప్పక పరిశీలించండి. అతివేగంలో స్థిరత్వం కోసమే ఆ ఆకారం. భారీ ప్రయోగాత్మక బాంబర్ విమానం ఎక్స్‌బీ-70 కూడా అదే భవనంలో ఉంది కాబట్టి తగినంత సమయం కేటాయించుకొని వెళ్లండి.