హెప్‌బర్న్ ఊటల దగ్గర టికెట్ ఉందంటే నమ్మకండి

మెల్‌బోర్న్‌లో ఉంటూ అమ్మానాన్నల్ని ఖనిజాల నీటి ఊటలుండే హెప్‌బర్న్ స్ప్రింగ్స్ అనే ఊరికి తీసుకెళ్దామనుకుంటున్న వాళ్ళకి ఇది. పోయిన నెల మేం మోసపోయాం.

మాకు కారు లేదు. డే టూర్లు నడిపే ఒకతన్ని మాట్లాడుకున్నాం. వ్యాను ఛార్జీ కాక ‘స్ప్రింగ్ ఎంట్రీ’ అని తలా 25 డాలర్లు, నీళ్ళు తెచ్చుకోవడానికి క్యానుకి 15 చొప్పున తీసుకున్నాడు. ముగ్గురం, రెండు క్యాన్లు. మొత్తం 105 డాలర్లు.

తీరా వెళ్తే గేటూ లేదు, టికెట్ కౌంటరూ లేదు. వాగు పక్కనే చెట్ల నీడన నడకదారి, అక్కడక్కడా ఊటలు. లొకార్నో ఊట దగ్గర మన ఊరి బోరింగులాంటి పంపు. ఒక పెద్దావిడ ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలు నింపుకుంటోంది. ఎంత కట్టారండీ అని అడిగితే వింతగా చూసింది. ఎవరైనా ఊరికే పట్టుకోవచ్చట. అక్కడున్న స్నానశాలకి మాత్రం డబ్బు కట్టాలి, అది వేరు. అతను రెండూ కలిపేసి చెప్పాడు, మేం గుచ్చి అడగలేదు.

1850ల్లో ఆ చుట్టుపక్కలంతా బంగారం తవ్వకాలే. ఊటలు పాడైపోతాయని అక్కడివాళ్ళు పట్టుబట్టడంతో 1865లో ఆ చోటుని రిజర్వు చేశారు. అలా అందరికోసం మిగిల్చిన నీళ్ళని మా అమ్మానాన్నలకి అమ్మాడు. నా కడుపుమంట అదీ.

ఇంకో సంగతి. ఈ నీళ్ళు తాగితే షుగర్ తగ్గుతుందని, నెలరోజులు నిలవుంటాయని వ్యానులో చెప్పాడు. నాన్న నమ్మేసి ఆ రాత్రి మాత్ర పక్కన పెట్టబోయారు. నేను చూశాను కాబట్టి సరిపోయింది. దయచేసి పెద్దవాళ్ళ ముందు ఇలాంటి మాటలు సాగనివ్వకండి. కిడ్నీ జబ్బో బీపీయో ఉంటే, ఇంత ఖనిజాలున్న నీళ్ళు తాగేముందు డాక్టర్ని అడగండి.

పంపు దగ్గర గ్లాసులో పడితే సన్నటి బుడగలు లేచాయి. సోడాలో మేకు నానేసినట్టుందంది అమ్మ. తెల్లారేసరికి క్యానులో బుడగ లేదు, అడుగున నారింజరంగు మడ్డి. నీళ్ళలో కరిగున్న ఇనుము గాలి తగిలి అలా తుప్పుగా దిగుతుంది. అందుకే అక్కడికక్కడ తాగాలి. పంపు మూసేశామని బోర్డు ఉంటే ఆ నీళ్ళు ముట్టుకోవద్దు.

డబ్బు వెనక్కి అడిగితే ‘సర్వీస్ ఛార్జీ’ అన్నాడు, తర్వాత ఫోనెత్తడం మానేశాడు. మీరు ఎవర్ని మాట్లాడుకున్నా ఎంట్రీ టికెట్ అనగానే ఒక్కటే అడగండి: ఆ టికెట్ ఇచ్చేదెవరు, రసీదు ఏదీ అని.