రోబో బరువు దింపాలంటే చిల్లులా, పలచని ట్యూబా?

పోయినేడాది రాయగడలో మా రోబో పోటీకి పెట్టిన 15 కిలోల లిమిట్ మీద 400 గ్రాములు ఎక్కువొచ్చింది, అదీ రైలెక్కే ముందు రోజు రాత్రి, కూరగాయల కొట్టు కాటా మీద పెడితే తెలిసింది. వెంటనే డ్రిల్లు అందుకున్నాం.

లెక్కేస్తే నవ్వొస్తుంది. 3 మి.మీ. అల్యూమినియం ప్లేటులో 20 మి.మీ. చిల్లు కొడితే పోయేది రెండున్నర గ్రాములు, అంటే 400 గ్రాములకు 160 చిల్లులు! ముప్ఫై కొట్టేసరికి చేతులు పడిపోయాయి, బోల్టుకు మరీ దగ్గరగా కొట్టిన చోట ప్లేటు చీలింది కూడా. చివరికి గట్టెక్కించింది పైమూత: 30 సెం.మీ. చదరపు 1 మి.మీ. స్టీలు రేకు తీసి 3 మి.మీ. పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) షీటు పెడితే ఒక్క దెబ్బకి 380 గ్రాములు దిగింది.

ఈసారి రోబో ఫ్రేములోని అల్యూమినియం ట్యూబే మార్చాం. 25×50 మి.మీ. ట్యూబ్ గోడ 3 మి.మీ. అయితే మీటరు 1.12 కిలోలు, 1.5 అయితే 0.58. రెండు మీటర్లకే కిలో పైన మిగులు. చిక్కల్లా బోల్టు గట్టిగా బిగిస్తే గోడ సొట్టపోతుంది, లోపల నైలాన్ ముక్క దూర్చాల్సిందే. పక్క జిల్లా కోరాపుట్‌లోని దమన్‌జోడిలో బాక్సైట్ నుంచి అల్యూమినా (అల్యూమినియానికి ముడిసరుకు) తీస్తారు గానీ, మాకు కావలసిన ట్యూబ్ మాత్రం విశాఖలోనే దొరికింది!

చిల్లులా? ఆఖరి యాభై గ్రాములకైతే కొట్టుకోండి.