టెక్సస్ కమిటీల ముందు సాక్ష్యానికి ఏఐతో సాధన: రెండు సెషన్లు వాడాక నా అభిప్రాయం

డల్లాస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల్లో ఆటిజం, ఇతర వైకల్యాలు ఉన్న పిల్లల అమ్మానాన్నలు కొందరు రాష్ట్ర రాజధాని ఆస్టిన్ వెళ్లి శాసనసభ కమిటీల ముందు మాట్లాడుతుంటారు. వాళ్లను సిద్ధం చేసే పని నాది. 2023 శాసనసభ సెషన్ చివర్లో ఇందుకు చాట్‌బాట్ వాడటం మొదలుపెట్టాను, 2025 సెషన్ పొడవునా వాడాను. ప్రశ్నలు అడిగించుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు. సాక్ష్యం రాయించుకోవడానికి మాత్రం దయచేసి వాడకండి.

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. టెక్సస్ శాసనసభ సాధారణ సమావేశాలు బేసి సంవత్సరాల్లోనే, అదీ 140 రోజులే. ఒక బిల్లు మీద కమిటీ హియరింగ్ పెడితే మామూలు మనుషులు కూడా వెళ్లి మాట్లాడవచ్చు. అనుకూలమా, వ్యతిరేకమా, ఏ పక్షమూ కాదా అన్నది ముందే నమోదు చేసుకోవాలి. ఇచ్చేది సాధారణంగా రెండు మూడు నిమిషాలు. శాసనసభలో ఉన్న రెండు సభల్లో, సెషన్ సమయంలో ప్రతినిధుల సభ కమిటీ ఐదు రోజుల ముందు నోటీసు ఇస్తుంది, సెనేట్ కమిటీకి 24 గంటలు చాలు. సెనేట్ నోటీసు సాయంత్రం వస్తే, డల్లాస్ దగ్గరి ఫ్రిస్కో నుంచి దాదాపు నాలుగు గంటలు కారులో వెళ్లాల్సిన తల్లికి మిగిలేది ఆ ఒక్క రాత్రే. పిల్లాడు పడుకున్నాక పదకొండింటికి ఆమెను కూర్చోబెట్టి గట్టిగా ప్రశ్నించడానికి మనిషి ఎక్కడ దొరుకుతారు? ఏఐ నాకు ఉపయోగపడింది అలాంటి రాత్రుల్లోనే.

బిల్లు పాఠం, దానికి ఎంత ఖర్చవుతుందో చెప్పే ఫిస్కల్ నోట్ రెండూ చాట్‌బాట్‌కు ఇచ్చి, "నువ్వు ఖర్చు తగ్గించాలని పట్టుబట్టే సభ్యుడివి. ఒకసారి ఒకే ప్రశ్న అడుగు. నా జవాబును మెచ్చుకోకు" అని చెబుతాం. ఆ చివరి మాట తప్పనిసరి. లేకపోతే ప్రతి జవాబుకూ "చాలా హృదయాన్ని తాకేలా చెప్పారు" అంటుంది, ఆ మెప్పుకు అలవాటు పడ్డ మనిషి అసలు హియరింగ్‌లో తడబడతారు.

ఇలా అడిగించినప్పుడు వచ్చిన ఒక ప్రశ్న మా వాళ్లలో చాలామందిని కదిలించింది. "మీ ఇంట్లో మంచి జీతాలున్నాయి కదా, ప్రభుత్వ డబ్బు మీకెందుకు?" మనవాళ్లు లోలోపల భయపడే ప్రశ్న ఇదే. స్నేహితులమంతా కూర్చుని సాధన చేస్తే మొహమాటానికి ఎవరూ ఇది అడగరు. ఒక తల్లి మొదటిసారి విన్నప్పుడు కోపంగా లేచి వెళ్లిపోయారు. కాసేపటికి వచ్చి మళ్లీ అడిగించుకున్నారు. చివరికి ఆమెకు కుదిరిన జవాబు చాలా సూటిగా ఉంది. మెడికెయిడ్ వెయివర్‌కు (వైకల్యం ఉన్నవాళ్లకు ఇంట్లోనే సాయం అందించే ప్రభుత్వ పథకం) ఇక్కడ పిల్లల ఆదాయాన్నే చూస్తారు, తల్లిదండ్రులది కాదు. దానికోసం ఉన్న వెయిటింగ్ జాబితాల్లో నిరీక్షణ పదేళ్లు దాటుతోంది. ఈలోపు ఆమె ఉద్యోగం మానేశారు. ఊరి నుంచి అమ్మమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు చూసుకుని వెళ్లిపోతుంది. బాబుకు ఇరవై రెండేళ్లు వస్తే స్కూలు కూడా ఉండదు. ఈ మాటలు ఆమె నోట్లోంచి వచ్చినవే. చాట్‌బాట్ ప్రశ్న మాత్రమే అడిగింది.

సాక్ష్యం రాయమంటే జరిగేది వేరు. ఒక తండ్రి తెలుగులో చెప్పింది, "మా వాడికి షూ లేసులు కట్టుకోవడం రాదు, రోజూ నేనే కడతాను" అని. దాన్ని ఇంగ్లీషులో సాక్ష్యంగా మార్చమంటే, ప్రతి ఉదయం కన్నీళ్లతో మోకాళ్ల మీద కూర్చుంటానని రాసి ఇచ్చింది. ఆయన ఏడవలేదు, ఏడ్చానని చెప్పనూ లేదు. ప్రతినిధుల సభలో నమోదు చేసుకునేటప్పుడే, చెప్పేది నిజమని ప్రమాణపూర్వకంగా ఒప్పుకుంటాం. జరగని కన్నీటికి ఆయన ఎలా ప్రమాణం చేస్తారు? నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు. పైగా ఆ అలంకారాలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. ముగ్గురు తల్లులకు విడివిడిగా రాయించి చూస్తే ముగ్గురి బాధా ఒక్కలాగే వినిపించింది. అమ్మమ్మ వీసా సంగతిని అయితే "బిల్లుకు సంబంధం లేదు" అని తీసేయమంది. ఆస్టిన్‌లో ఒక సభ్యురాలు ఆగి మరీ అడిగింది దాని గురించే.

అందుకే ఇప్పుడు మా పద్ధతి మార్చాం. ఫోన్లో రికార్డు చేస్తూ వాళ్లకు వచ్చినట్టు చెప్పమంటాను. దాన్ని అక్షరాల్లోకి మార్చడానికీ, ఎక్కడ పొడుగైందో చూడటానికీ ఏఐ చాలు. కొత్త వాక్యం చేర్చవద్దని ముందే చెబుతాం. రెండు నిమిషాలకు 250 మాటలు అంటుంది. మన ఉచ్చారణతో, టెన్షన్‌తో, 200 దాటితే గంట మోగేలోపు పూర్తి కాదు.

అంకెల విషయంలో జాగ్రత్త చాలా అవసరం. మెడికెయిడ్ కింద ఇళ్లకు వచ్చి సాయం చేసే అటెండెంట్ల కనీస వేతనం గంటకు 8.11 డాలర్లని 2025 సెషన్‌లో కూడా చెప్పింది. 2023 సెప్టెంబర్ 1 నుంచే అది 10.60 అయింది, 2025 సెప్టెంబర్ 1 నుంచి 13 అయింది. కమిటీలో ఆ అంకె తెలిసినవాళ్లు ఉంటారు, తప్పు చెబితే మిగతా మాటలకూ విలువ పోతుంది. అలాగే ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో సాక్ష్యం చెప్పవచ్చని ధీమాగా చెప్పింది. వాషింగ్టన్ రాష్ట్రంలో అలా కుదురుతుంది. ఇక్కడ ప్రతినిధుల సభకు ఇంటి నుంచి రాసి పంపే వ్యాఖ్యలు వేరు, క్యాపిటల్‌కు (శాసనసభ భవనానికి) వెళ్లి మైకు ముందు చెప్పే సాక్ష్యం వేరు. దాన్ని నమ్మి ఇంట్లో ఉండిపోతే అవకాశం పోయినట్టే.

పిల్లల పేరు, స్కూలు, మెడికెయిడ్ నంబరు ఎప్పుడూ చాట్‌బాట్‌లో పెట్టవద్దు. కమిటీ వీడియో కూడా ఇంటర్నెట్‌లో ఉండిపోతుంది. పిల్లాడి గురించి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో అమ్మానాన్నలే ముందు తేల్చుకోవాలి.

ఏఐ నేర్పలేనిది ఒకటుంది, ఎదురుచూపు. ఉదయం నమోదు చేసుకుంటే పేరు పిలిచేది రాత్రి కావచ్చు. అప్పటికి సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి, మిగిలినవాళ్లలో కొందరు ఫోన్ చూస్తుంటారు, ఒక్క ప్రశ్న కూడా రాకపోవచ్చు. దీన్ని పాత సాక్షుల చేతే చెప్పిస్తున్నాను.

ఖర్చు విషయానికొస్తే, నెలకు 20 డాలర్ల ప్లాన్ తీసుకున్నాను. సెషన్ లేని నెలల్లో ఉచితంగా దొరికేదే సరిపోయింది. నోటితో మాట్లాడే సౌకర్యం బాగుంది కానీ తెలుగు, ఇంగ్లీషు కలిపి మాట్లాడితే ఇంకా తికమకపడుతోంది.

తర్వాతి సెషన్ 2027 జనవరి 12న మొదలవుతుంది. డిసెంబర్‌లోనే సాధన పెడుతున్నాం. ఇప్పటివరకు ఎక్కువగా అమ్మలే వచ్చారు, ఈసారి నాన్నలనూ కూర్చోబెట్టి ఆ జీతాల ప్రశ్న వాళ్లనే అడిగించబోతున్నాను.