సెకండ్ హ్యాండ్ అవుట్‌బోర్డ్ మోటారు: ఏళ్లుగా వాడాక చెబుతున్న మాట

నా చిన్న చేపల పడవకి వెనక బిగించి ఉన్నది 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు. వాడినదే కొన్నాను. ఏళ్ల తరబడి ఉప్పునీటిలో తిరుగుతున్నా ఇప్పటికీ తాడు రెండోసారి లాగేసరికి అందుకుంటుంది. పాత మోటారు అనగానే అందరూ ముందు అడిగేది ఎన్నేళ్లదని. నేనైతే సముద్రం నుంచి వచ్చాక మంచినీటితో కడిగేవారా అని అడుగుతాను. ఇంజనుని చల్లబరిచే లోపలి నీటి దారుల్లో ఉప్పు పేరుకుపోయిన మూడేళ్ల మోటారు కన్నా, రోజూ కడిగిన పదిహేనేళ్ల మోటారు ఎంతో నయం.

చూడ్డానికి వెళ్లగానే పైమూత తీయించి సిలిండర్ హెడ్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేలోపే ఒకసారి నడిపారన్నమాట. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి) తగ్గినా, కార్బురేటర్‌లో పాత పెట్రోలు జిగురు కట్టినా వేడి ఇంజను ఆ సంగతి బయటపెట్టకుండా స్టార్ట్ అయిపోతుంది. చల్లారేదాకా ఆగి, మీ చేత్తో లాగి చూడండి.

కంప్రెషన్ గేజ్ ఎవరి దగ్గరైనా అడిగి తీసుకెళ్లండి. ప్లగ్గులన్నీ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి లాగాలి. గేజ్‌ని బట్టి అంకె కాస్త అటూఇటూ అవుతుంది కాబట్టి దాని మీద మరీ పట్టు పట్టక్కర్లేదు. రెండు సిలిండర్ల మధ్య తేడా ఎంతో చూడండి. 10 శాతం దాటితే నేను బేరం దాకా కూడా వెళ్లను.

ఆ తర్వాత గేర్ ఆయిల్. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. మోటారు నిలబడి ఉండగా గేర్ హౌసింగ్ కింది స్క్రూ కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు వేలి మీద పట్టుకోండి. ముందు నీళ్లు కారినా, ఆయిల్ పాలలా తెల్లగా ఉన్నా, నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలు పోయినట్టే. లోహపు రజను కాకుండా ముక్కలే తగిలితే గేర్లు అరిగాయని అర్థం. చేపలవేటలో తిరిగిన మోటారుకి సీలు పోయే ప్రమాదం మరీ ఎక్కువ. నైలాన్ తాడు ప్రొపెల్లర్ వెనక షాఫ్ట్‌కి చుట్టుకుని సీలుని కోసేస్తుంది. వీలైతే ప్రొపెల్లర్ ఊడదీయించి అక్కడ చూడండి. నేను ఇప్పటికీ మధ్యమధ్యలో విప్పి చూస్తుంటాను, దాదాపు ప్రతిసారీ ఏదో పోగు దొరుకుతుంది.

నడిపి చూసేటప్పుడు మోటారు కింది భాగం నీళ్లలో మునిగి ఉండాలి. పొడిగా తిప్పితే చల్లబరిచే నీటిని తోడే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, కొద్ది సెకన్లలోనే దెబ్బతింటుంది. వెనక నుంచి చిమ్మే సన్నటి నీటి ధార తెంపు లేకుండా రావాలి. ధార నీరసంగా ఉంటే ఇంపెల్లర్ అరిగిందేమో, అది చిన్న పని. ఇంపెల్లర్ మార్చినా ధార పుంజుకోకపోతే మాత్రం ఉప్పు లోపల గట్టిపడిందేమోనని అనుమానించాలి. అప్పుడు టెన్షన్ పడాల్సిందే. కింది భాగానికి మాత్రమే కొత్త పెయింట్ వేసి ఉన్నా నాకు నమ్మకం కుదరదు.

షాఫ్ట్ పొడవు కొలవకుండా కొనకండి. చిన్న పడవల వెనక పలక ఎత్తు సాధారణంగా 15 అంగుళాలో 20 అంగుళాలో ఉంటుంది, షాఫ్ట్‌లూ దానికి తగ్గట్టే వస్తాయి. ప్రొపెల్లర్ పైనున్న అడ్డరేకు పడవ అడుగుతో దాదాపు సమానంగా ఉండాలి. షాఫ్ట్ పొట్టిదైతే అలల్లో ప్రొపెల్లర్ గాలి పీల్చి ఊరికే తిరుగుతుంది.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా? నాది 40 కిలోల లోపే, ఒక్కడినే ఎత్తి పెట్టుకోగలను. అదే శక్తి ఉన్న ఫోర్ స్ట్రోక్ 50 కిలోల దగ్గర ఉంటుంది. కానీ పెట్రోలు నాది ఎక్కువే తాగుతుంది, పొగా చప్పుడూ సరేసరి. గేలం లాగుతూ నెమ్మదిగా చాలాసేపు పోతే ప్లగ్గులు మసిబారతాయి. రోజంతా అలా తిరిగేవాళ్లకి ఫోర్ స్ట్రోకే మేలు. టూ స్ట్రోక్‌కి ఆయిల్ ఎంత కలపాలో ఆ మోడల్ పుస్తకంలోనే చూడండి. 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు.

పార్ట్స్ సంగతి కొనకముందే తేల్చుకోవాలి. ఎవిన్‌రూడ్ బ్రాండ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. అంతమాత్రాన ఆ మోటార్లు పనికిరానివి కావు, కానీ మీ దగ్గర్లో ఎవరు బాగుచేస్తారో, సామాను ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కోండి. బ్రాకెట్ మీది సీరియల్ నంబర్ గీకేసి ఉంటే మాట్లాడకుండా వచ్చేయండి.

కొన్నాక, ఎంత బాగున్నా సరే, దూరం వెళ్లేముందు ఇంపెల్లర్, గేర్ ఆయిల్, ప్లగ్గులు, పెట్రోలు గొట్టం మార్చేయండి. పడవలో అదనపు ప్లగ్గులు, వాటిని విప్పే స్పానర్, ఒక స్టార్టర్ తాడు, రెండు తెడ్లు ఎప్పుడూ ఉండాలి.