హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆయిల్ క్యాచ్ క్యాన్: మూడేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. ఆయిల్ క్యాచ్ క్యాన్ అంటే ఇంజిన్ లోపలి వాయువుతో పాటు వచ్చే ఆయిల్ తుంపరను దారిలో పట్టే చిన్న డబ్బా. ఇది పెడితే మైలేజీ పెరగదు, పికప్ పెరగదు, సౌండ్ మారదు. ఈ మూడింట్లో ఏది పెరుగుతుందని చెప్పి అమ్మినా ఆ షాపు నుంచి లేచి వచ్చేయండి. అయినా నా 1.0 టర్బో పెట్రోల్ వెన్యూకి ఇది పెట్టించి మూడేళ్లు దాటింది. తీసేసే ఆలోచన మాత్రం లేదు. ఎందుకో, ఎవరికి పనికొస్తుందో, ఎవరికి దండగో రాస్తున్నాను.

ఇంజిన్‌లో పిస్టన్ రింగులు ఎంత బిగువుగా ఉన్నా, మండిన వాయువులు కొంత వాటి పక్కనుంచి కిందకు, అంటే ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్‌లోకి జారుతూనే ఉంటాయి. దీన్నే బ్లో-బై అంటారు. టర్బో ఇంజిన్‌లో సిలిండర్ లోపలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఇదీ కాస్త ఎక్కువే. ఆ వాయువుల వెంట ఆయిల్ తుంపర, పెట్రోల్ ఆవిరి, నీటి ఆవిరి అన్నీ ఉంటాయి. వాటిని బయటకు పంపకపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు తన్నేస్తాయి. పాతకాలం కార్లలో ఒక గొట్టం పెట్టి నేరుగా రోడ్డు మీదకు వదిలేసేవారు. 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో ఆ పొగ మీద పట్టు బిగించాక పీసీవీ పద్ధతి వచ్చింది. అంటే ఆ వాయువును మళ్లీ ఇంటేక్‌లోకే, అదే ఇంజిన్ గాలి పీల్చే దారిలోకే, లాగి, సిలిండర్‌లో కాల్చేయడం.

పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో దీనివల్ల పెద్ద బాధ లేదు. పెట్రోల్ ఇంటేక్ వాల్వుల వెనకే చిమ్ముతుంది, వాల్వు మీద పడ్డ ఆయిల్‌ని ఎప్పటికప్పుడు కడిగేస్తుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ సూటిగా సిలిండర్‌లోకే వెళ్తుంది. వాల్వు వెనక భాగానికి పెట్రోల్ చుక్క తగలదు. వచ్చిన ఆయిల్ అక్కడే అంటుకుని, ఆ వేడికి మాడి, పొరలు పొరలుగా కార్బన్ అవుతుంది. టొయోటా డీ-4ఎస్ ఇంజిన్లలో రెండు రకాల ఇంజెక్టర్లూ ఉంటాయి, వాల్వులు శుభ్రంగా ఉండటం దాని లాభాల్లో ఒకటి. మన బడ్జెట్ కార్లలో ఆ వైభోగం ఎక్కడిది?

కాబట్టి డబ్బు తీసే ముందు మీ ఇంజిన్ ఏ రకమో చూసుకోండి. టర్బో అని రాసి ఉన్నంత మాత్రాన డైరెక్ట్ ఇంజెక్షన్ కాదు. వెన్యూ, ఐ20 ఎన్ లైన్‌లలో వచ్చే 1.0 టీ-జీడీఐ, ఫ్రాంక్స్‌లోని 1.0 బూస్టర్‌జెట్, కుషాక్, స్లావియా, టైగున్, వర్టస్‌లలోని టీఎస్ఐలు డైరెక్ట్ ఇంజెక్షన్. నెక్సాన్‌లోని 1.2 రెవోట్రాన్ టర్బోదే గానీ పోర్ట్ ఇంజెక్షన్. అదే కంపెనీ కర్వ్‌లో వచ్చే హైపీరియన్ డైరెక్ట్ ఇంజెక్షన్. మహీంద్రా ఎక్స్‌యూవీ 300లో అయితే ఒకే 1.2 టర్బోకి రెండు రకాలూ అమ్మారు, 110 పీఎస్‌ది పోర్ట్, 130 పీఎస్‌ది డైరెక్ట్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు కొందరికి తమది ఏదో తెలియదు.

క్యాచ్ క్యాన్ అంటే పీసీవీ పైపు మధ్యలో పెట్టే ఒక మూత డబ్బా. వాయువు దానిలోకి వచ్చి, వేగం తగ్గి, కాస్త చల్లబడి, లోపల అడ్డుగా ఉన్న పలకలకు కొట్టుకుంటుంది. తుంపర ఒకదానికొకటి కలిసి బరువెక్కి కిందకు కారుతుంది, మిగిలిన గాలి ఇంటేక్‌కి వెళ్తుంది. పని అంతా ఆ అడ్డుపలకల్లో, అంటే బ్యాఫిల్‌లో, దాని తర్వాత వచ్చే సన్నటి జాలీలో ఉంది. ఆన్‌లైన్‌లో రెండు వేల లోపు దొరికే ఎర్రవి, నీలంవి, మెరిసే డబ్బాలు కొన్ని విప్పి చూశాను. ఒకదానిలో లోపల ఏమీ లేదు, ఒట్టి బోలు. ఇటునుంచి వచ్చిన తుంపర అటు చక్కగా వెళ్లిపోతుంది. ఇంకోదానిలో గిన్నెలు తోమే స్టీల్ పీచు కూరి ఉంది. ఆ పీచు ముక్క ఊడి ఇంటేక్‌లోకి పోతే ఎవరిది బాధ్యత?

నేను తీసుకున్నది మధ్య ధరది. లోపల రెండు మెట్ల బ్యాఫిల్, కంచు పొడిని అదిమి చేసిన ఫిల్టర్, కింద మర తిప్పి ఊడదీసే గిన్నె. పేరు రాయడం లేదు, పేరుతో పని లేదు గనక. కొనేవాళ్లు నాలుగు సంగతులు చూస్తే చాలు. పైన చిన్న ఎయిర్ ఫిల్టర్ బిగించిన రకం వద్దు. అది వాయువును బానెట్ కిందే వదిలేస్తుంది, ఏసీ వేస్తే లోపలికి వాసన కొడుతుంది. పైగా క్రాంక్‌కేస్ వాయువు బయటకు పోకూడదని మన ఉద్గార నిబంధనల్లోనే ఉంది. పైపు నాజిల్ లోపలి వ్యాసం మీ కారు ఒరిజినల్ పైపుకన్నా తక్కువ ఉండకూడదు. లెవెల్ చూసుకునే డిప్‌స్టిక్ ఉంటే దాని సీలు గట్టిగా ఉండాలి. గిన్నెని ఒక చేత్తో ఊడదీయగలగాలి. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఖాళీ చేయడం కష్టమైతే రెండు నెలల తర్వాత ఎవరూ చేయరు.

ఒకటా రెండా అన్నది అసలు చర్చ. టర్బో ఇంజిన్‌లో వాయువుకు రెండు దారులున్నాయి. మామూలుగా, నెమ్మదిగా నడిపేటప్పుడు ఇంటేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుంది, పీసీవీ వాల్వు గుండా వాయువు అటు లాగబడుతుంది. కాలు నొక్కి బూస్ట్ వచ్చినప్పుడు, అంటే టర్బో గాలిని ఒత్తిడితో తోసినప్పుడు, మానిఫోల్డ్‌లో ఒత్తిడి ఎదురు తిరుగుతుంది, పీసీవీ వాల్వు మూసుకుంటుంది. అప్పుడు వాయువు ఇంజిన్ పైమూత నుంచి వెళ్లే బ్రీదర్ పైపు గుండా టర్బోకి ముందున్న గొట్టంలోకి పోతుంది. పూర్తిగా పట్టాలంటే రెండు వైపులా పెట్టాలి. నేను పీసీవీ వైపు ఒక్కటే పెట్టాను. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి వెళ్లి వచ్చేవాడికి బూస్ట్ నిలిచి ఉండే క్షణాలు ఎన్ని? ఫోరం మాల్ ఫ్లైఓవర్ మీద ఖాళీ దొరికితే ఆ రోజు పండగ. రోజూ ఘాట్ రోడ్లు ఎక్కేవాళ్లు, ట్రాక్ డ్రైవింగ్ చేసేవాళ్లు రెండోది ఆలోచించుకోవచ్చు.

పైపుల దగ్గర చాలామంది పొదుపు చేస్తారు, చేయకండి. క్యాన్‌తో వచ్చే మెత్తటి గొట్టం వేడికి, వాక్యూమ్‌కి నొక్కుకుపోతుంది. రాణిగంజ్ వెళ్తే హోస్‌లు, క్లిప్పులు అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి. అక్కడ ఆయిల్ తట్టుకునే నైట్రైల్ రబ్బరు హోస్, లోపల నూలు అల్లిక ఉన్నది, మీటరు లెక్కన కోసిస్తారు. రేడియేటర్ హోస్ ఇస్తామంటే వద్దనండి, అది నీళ్లకు చేసిన రబ్బరు, ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. రంగు రంగుల మామూలు సిలికాన్ గొట్టం కూడా ఆయిల్ ఆవిరికి సరిపడదు. లోపల ఫ్లోరోసిలికాన్ పూత ఉన్నది దొరికితే మంచిదే, ధర చూసి నేను నైట్రైల్‌తో సరిపెట్టాను. ఇప్పటికీ పగుళ్లు లేవు.

బిగించడం గంటన్నర పని. మా ఏరియాలో తెలిసిన మెకానిక్ భాయ్ చేశాడు, నేను పక్కనే నిలబడ్డాను. టర్బోకి, ఎగ్జాస్ట్‌కి దూరంగా, గాలి తగిలే చోట బ్యాటరీ పక్కన చిన్న ఎల్ పట్టీ కొట్టించి కూర్చోబెట్టాం. వేడి చోట పెడితే ఆవిరి ఆవిరిగానే దాటిపోతుంది, డబ్బా పెట్టి లాభం లేదు. పైపు ఎక్కడా కిందకు వేలాడి గుంత పడకూడదు, ఆ గుంతలో ఆయిల్ నిలిచి దారి మూసేస్తుంది. ఇంజిన్ కదులుతుంది, బాడీ కదలదు, కాబట్టి పైపుకి కాస్త వదులు ఉంచాలి. ఇన్, అవుట్ తారుమారు కాకుండా చూసుకోవాలి. ఒరిజినల్ పైపు కోయలేదు, మొత్తం ఊడదీసి కవర్లో చుట్టి డిక్కీలో పెట్టాను. అది దాచినందుకు తర్వాత చాలా మేలైంది.

ఇక వాడకం. మొదటి చలికాలంలో గిన్నె విప్పితే లోపల మజ్జిగ పులుసులా ఏదో ఉంది. భాయ్ చూసి, "సార్, హెడ్ గాస్కెట్ గిట్ల పోయిందా ఏంది?" అన్నాడు. కూలెంట్ ట్యాంక్ చూశాం, లెవెల్ తగ్గలేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తేనె రంగులోనే ఉంది. భయపడాల్సింది ఏమీ లేదు. జనవరి పొద్దున్న చలికి, పిల్లల్ని స్కూల్లో దింపి ఐదారు కిలోమీటర్లు తిరిగి ఆపేస్తే ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, లోపలి తేమ ఆవిరై పోదు. ఆ నీరే డబ్బాలో ఆయిల్‌తో కలిసి అలా అవుతుంది. పెట్రోల్ వాసన కూడా గుప్పుమంటుంది. కూలెంట్ తగ్గుతుంటే, ఆయిల్ ఫిల్లర్ మూత కిందే కాకుండా డిప్‌స్టిక్ మీద కూడా పాల రంగు కనిపిస్తుంటే మాత్రం వెంటనే చూపించండి, అది వేరే కథ.

ఎండాకాలం పట్టేది తక్కువ, అదీ నల్లటి ఆయిల్. ఔటర్ రింగ్ రోడ్డు మీద, విజయవాడ హైవే మీద ఆగకుండా వెళ్లొచ్చినప్పుడు ఇంకా తక్కువ. శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగినప్పుడు కాస్త ఎక్కువ కనిపించింది. చలికాలంలో వెయ్యిన్నర కిలోమీటర్లకు యాభై మిల్లీలీటర్ల దరిదాపు, ఎండల్లో రెండు మూడు వేలకు ఓసారి చూస్తే సరిపోతుంది. చలిదేశాల్లో డబ్బాలో నీరు గడ్డకట్టి పైపు మూసుకుపోతుందని భయపడతారు, మనకు ఆ టెన్షన్ లేదు. మనకున్న ప్రమాదం బద్ధకం. డబ్బా నిండితే ఆయిల్ ఒక్కసారిగా ఇంటేక్‌లోకి లాగబడుతుంది, అసలు పెట్టకపోవడమే నయం.

ఇబ్బంది ఒకటే వచ్చింది. రెండో ఎండాకాలం తర్వాత సిగ్నల్ దగ్గర ఐడిల్ వణకడం మొదలైంది, కొన్నాళ్లకు చెక్ ఇంజిన్ లైటు. స్కానర్ పెడితే మిశ్రమం పలచగా ఉందని కోడ్. స్పార్క్ ప్లగ్గులు చూశాం, కాయిళ్లు చూశాం. చివరికి గిన్నె మరలో ఉన్న ఓ-రింగ్ (గాలి పోకుండా ఉంచే రబ్బరు రింగు) ఎండిపోయి గట్టిపడింది, అక్కడినుంచి గాలి పీలుస్తోంది. థ్రాటిల్ దాటి దొంగదారిన, ఫిల్టర్ కాకుండా వచ్చే ఆ గాలి లెక్క ఇంజిన్‌కి తెలియదు. రాణిగంజ్‌లోనే అదే సైజులో వేడి, ఆయిల్ తట్టుకునే వైటాన్ రబ్బరు ఓ-రింగ్ దొరికింది, వేసిన రోజే ఐడిల్ కుదుటపడింది. ఇప్పుడు ఏడాదికోసారి అడక్కుండానే మారుస్తున్నాను. సబ్బు నీళ్లు పూసి చూసే పద్ధతి ఇక్కడ పనిచేయదు, లోపల వాక్యూమ్ కాబట్టి బుడగ రాదు. పొగ పెట్టి లీకు వెతికే మెషిన్ ఉన్న గ్యారేజీకి వెళ్తే పది నిమిషాల్లో తేలుతుంది.

సర్వీస్ సెంటర్‌లో ఒకసారి అడ్వైజర్ బానెట్ ఎత్తి, "ఇది బయటి ఫిట్టింగ్ సార్, ఇంజిన్ వారంటీ గురించి మేం చెప్పలేం" అన్నాడు. వాదించలేదు. తర్వాతి సర్వీసుకి ముందు రోజు సాయంత్రం క్యాన్ తీసి డిక్కీలోని ఒరిజినల్ పైపు బిగించాను, ఇరవై నిమిషాల పని. వారంటీ ఇంకా చాలా మిగిలి ఉంటే, రోజూ హైవే మీదే నడిపేవాళ్లయితే, వారంటీ అయ్యేదాకా ఆగడమే నా సలహా.

పని చేసిందా అంటే, పట్టిన ఆయిల్ నా కళ్లతో చూశాను, అది ఇంటేక్‌లోకి పోలేదు. అంతవరకు ఖాయం. ఈ మధ్య యాభై వేల కిలోమీటర్లు దాటాక బోరోస్కోప్, అంటే లోపలికి దూర్చి చూసే సన్నటి కెమెరా, పెట్టించాను. వాల్వుల మీద కార్బన్ లేకపోలేదు, ఉంది, పొడిగా పలచటి పొర. ఆఫీసు మిత్రుడిది ఇదే ఇంజిన్, దాదాపు అంతే తిరిగింది, క్యాన్ లేదు, దానిలో తడిగా, గుబురుగా ఉంది. రెండు బండ్లతో రుజువు అయిపోయిందని నేననను. ఆయన వాడే ఆయిల్ వేరు, నడిపే తీరు వేరు. వాల్వు కాడ సీలు నుంచి జారే ఆయిల్‌ని, సిలిండర్ నుంచి వెనక్కి తన్నే మసిని ఏ క్యాన్ ఆపలేదు. ఇప్పటికే పేరుకున్న కార్బన్‌ని కూడా ఇది కడగదు. దానికి మానిఫోల్డ్ ఊడదీసి వాల్‌నట్ పెంకుల పొడితో కొట్టించాల్సిందే.

నాకు దీనివల్ల కనిపించిన మరో ఉపయోగం తక్కువ మంది మాట్లాడేది. ఆయిల్ తుంపర పెట్రోల్‌తో కలిసి మండితే నాక్, అంటే ఇంధనం అదుపు తప్పి మండి టకటకమనడం, పెరుగుతుంది, తక్కువ ఆర్‌పీఎంలో పై గేరులో నొక్కితే వచ్చే ముందస్తు మంటకు, ఎల్‌ఎస్‌పీఐకి, ఆయిల్ చుక్కలు కూడా ఒక కారణం. అందుకే 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఇంజిన్ ఆయిల్ గ్రేడులో దానికి ప్రత్యేకంగా పరీక్ష ఉంది. క్యాన్ కొనే స్తోమత లేకపోయినా డబ్బా మీద ఎస్‌పీ ఉన్న ఆయిల్ వేయించడం, కంపెనీ చెప్పిన గడువుకు కాస్త ముందే మార్చడం మానకండి.

మా బావ నా బానెట్ కింద ఇది చూసి తన నెక్సాన్‌కీ కావాలన్నాడు. "బావా, నీ ఇంజిన్‌లో పెట్రోలే వాల్వుల్ని కడుగుతోంది, నీకెందుకు?" అంటే, "చూడ్డానికి బాగుంది కదరా" అన్నాడు. ఆ డబ్బుతో నాలుగు టైర్లకు అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించి పంపాను.

డబ్బాలో పట్టిన దాన్ని తిరిగి ఇంజిన్‌లో పోయమని చెప్పేవాళ్లున్నారు. పోయకండి, అందులో నీరు, పెట్రోల్, ఆమ్లాలు ఉంటాయి. మోరీలో కూడా పారబోయకండి. నేను పాత ఆయిల్ డబ్బాలో పోగుచేసి, ఆయిల్ మార్పించడానికి వెళ్లినప్పుడు గ్యారేజీలో పాడు ఆయిల్ డ్రమ్ములో పోయించి వస్తాను.